బావ అనని మాట

వాన వచ్చినా విత్తకుండా మా అక్క మొగుడి కోసం ఎదురుచూస్తూ కూర్చుందనే కథ మా బంధువుల్లో తెలియనివాళ్లు లేరు. పెళ్లిళ్లలో విస్తళ్ల ముందు కూర్చున్నప్పుడు, కర్మాంతరాల్లో భోజనాలయ్యాక వక్కాకు నములుతూ నడుం వాల్చినప్పుడు, ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుతారు, అందరూ నవ్వుతారు, అక్క కూడా నవ్వుతుంది. ఆ కథ అబద్ధం. అబద్ధమని తెలిసినవాళ్లం ఇద్దరమే, ఒకరు అక్క, ఇంకొకరు నేను. ఆమె ఇన్నేళ్లూ ఎందుకు నోరు విప్పలేదో ఈ మధ్యదాకా నాకు తెలియదు. నేను ఎందుకు విప్పలేదో మాత్రం మొదటి రోజు నుంచే తెలుసు. చెప్పవలసిన చోట నేను మాట్లాడలేదు, అంతకుముందు బావ అనని మాట ఒకటి ఆయన పేరుతో చెప్పాను. ఆ రెండూ కలిసి ఒక మనిషి మీద పడ్డాయి.

ఈ ఏడు ఆరుద్ర కార్తెలో ఒక మంచి వాన పడింది. ఆ మరుసటి రోజు పొద్దున్నే, ఎందుకో అక్కను చూడాలనిపించి, బత్తలపల్లెలో బస్సెక్కి కదిరి దారిలో ఉన్న వాళ్ల ఊరికి పోయాను. ఈ మధ్య నాకు నడక చేతకావడం లేదు, చక్కెర జబ్బు వచ్చినప్పటి నుంచి అరికాళ్లు మండుతాయి, రోడ్డు మీద దిగి ఇల్లు చేరేటప్పటికే ఒళ్లు అలిసిపోయింది. బావ వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు, నేనూ ఆయన పక్కన కూర్చున్నాను. అక్క గడప పక్కన చేటలో వేరుశనగ విత్తనపు గింజలు ఏరుతోంది. వాళ్ల కోడలు అప్పుడే చేను నుంచి వచ్చింది. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో ఎర్రమట్టి. మేనల్లుడు లారీ మీద నాగపూరు వైపు ఎక్కడో ఉన్నాడు, ఫోనులో వాడి ముఖం కనిపిస్తోంది. ఆ పిల్ల మట్టిని పిడికిట్లో నొక్కి, పిడికిలి విప్పి, ఉండ విరగకుండా ఉందని ఫోనుకు చూపించింది. వాడు అది చూసి ట్రాక్టరు సాయంత్రానికి చెప్పమంటే, సాయంత్రం దాకా ఎవరు ఆగుతారు, పది గంటలకే వస్తుంది, నేను చెప్పేసినాను అని ఆమె అనేసింది. వాడు సరేనన్నాడు. అంతే. నాకు ఇచ్చిన కాఫీ ఇంకా చల్లారనే లేదు, ఒక ఏడాది సేద్యం మాట తేలిపోయింది.

బావ సంతోషంగా నవ్వాడు. నవ్వి, కోడలి వైపు చూసి, "బిన్నా విత్తుకోమ్మా. మీ అత్త మాదిరి కాచుకోని కూచుండేవు, గాలి తడి ఆర్పకుండా ఊరుకుంటాదా," అన్నాడు.

ఎప్పుడూ అనే మాటే. అక్క ఎప్పటిలాగే నవ్వింది. కానీ ఆ రోజు నేను ఆమె ముఖం చూడలేదు, చేతులు చూశాను. చేటలో గింజల మీద కదులుతున్న వేళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలాయి. ఎన్ని సార్లు ఆ మాట విన్నా ఆ వేళ్లు అలాగే ఆగి ఉంటాయి గదా అనిపించింది.

ఇప్పుడు ఆ పాత సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

అప్పట్లో బత్తలపల్లెలో నాకు విత్తనాలు, పురుగుమందుల అంగడి ఉండేది. పెద్ద అంగడి కాదు, బస్టాండు పక్కన ఒక గది, ముందు రేకుల పంచ. నేను సరుకు తెచ్చుకునే ఒక కంపెనీ వాళ్లు, ఎక్కువ అమ్మిన అంగళ్ల వాళ్లను ఏడాదికొకసారి ఎక్కడికో ఒక చోటికి తీసుకుపోయేవాళ్లు. ఆ ఏడు అండమాన్ అన్నారు. ఒక్కొక్క అంగడి నుంచి ఒక రైతును కూడా తెచ్చుకోవచ్చన్నారు. ఆరుద్ర దగ్గర పడుతున్నా మాకు ఇంకా చినుకు పడలేదు, అంగళ్లలో ఈగలు తోలుకుంటున్నాము, రైతులు ఆకాశం చూసి చూసి విసిగిపోయి ఉన్నారు, అందుకని ఎవరికీ పోవడానికి అడ్డం లేకపోయింది. ఆ దీవుల్లో అది వానకాలం, గదులు చవగ్గా దొరుకుతాయి, అందుకే కంపెనీ వాడు ఇప్పుడు పెట్టుకున్నాడని మాలో పెద్దవాడైన గుత్తి అంగడి పెద్దాయన కనిపెట్టి చెప్పాడు. ఆయన ప్రతిదానికీ ఏదో ఒకటి కనిపెడతాడు.

నేను బావను తీసుకుపోయాను. తిరుమల, బెంగళూరు తప్ప ఆయన వేరే ఊరు చూసినవాడు కాదు. మొదట రానన్నాడు. అక్కే బలవంతం చేసి పంపింది, పెళ్లయిన నాటి నుంచి ఒక్క రోజు ఊరికే కూర్చుని ఎరగవు, పోయి సముద్రం చూసి రా, చూసి వచ్చి నాకు చెప్పు అని. ఆయన కదిలే ముందు ఒక మాట చెప్పి కదిలాడు. ఇంట్లో ఉన్నది ఒక్క విత్తుకు సరిపడే గింజలే, అంతకుముందు ఏడు చిన్న వానకే తొందరపడి విత్తి విత్తనం నేలపాలు చేసుకున్నాము, కాబట్టి నన్ను అడగకుండా విత్తనం బయటికి తీయొద్దు అని. నా ఫోను నంబరు అక్క దగ్గర ఉంది. ఆ దీవుల్లో గవర్నమెంటు సిమ్ము ఒక్కటే పనిచేస్తుందని ముందే చెప్పారు, మా గుంపులో ఆ సిమ్ము ఉన్నది నాకొక్కడికే.

గొర్రుతో విత్తే కాలం చూసినవాళ్లకు అక్క సంగతి వేరే చెప్పనక్కరలేదు, చూడనివాళ్ల కోసం చెబుతాను. ముందు ఎద్దులు, వెనక చాళ్లు తీసే గొర్రు, గొర్రు మీద జడ్డిగం అని కొయ్య గిన్నె ఒకటి ఉంటుంది, దాని అడుగున బొక్కలు, ఆ బొక్కల నుంచి గొట్టాల్లోకి గింజలు జారాలి. నడుస్తూ నడుస్తూ ఆ గిన్నెలోకి పిడికిలితో గింజలు వదిలేది ఆడమనిషి. పిడికిలి బిగిస్తే చాలులో గింజ పడదు, వదిలేస్తే గుంపుగా పడుతుంది. మా అక్క చెయ్యి పడిన చేను మొలకెత్తితే బెత్తెడు బెత్తెడుకు ఒక మొక్క ఉండేది, గీత గీసినట్టు. చుట్టుపక్కల వాళ్లు ముందు రోజే వచ్చి రేపు మా చేనుకు రావల్ల అని చెప్పి పోయేవాళ్లు. బావకు అది గర్వం. పైకి చెప్పడు గానీ ఎవరైనా చేను బాగుందంటే, నాదేముంది, చెయ్యి ఆమెది అనేవాడు.

ఆ దీవిలో మేము ఉన్నన్నాళ్లూ వాన. తెల్లవారితే వాన, మధ్యాహ్నం వాన, పడుకుంటే పైకప్పు మీద వాన. కట్టుకున్న బట్టలు ఆరలేదు, విప్పిన బట్టలు ఆరలేదు, తువ్వాళ్లు కంపు కొట్టాయి. వాన కోసం చచ్చే మనుషులం, మూడో నాటికే వానను తిట్టుకోవడం మొదలుపెట్టాము. నేను అందరికంటే ఎక్కువ విసిగిపోయాను, ఎందుకంటే అందరికీ అన్నం, గది, పడవ చూసే పని కంపెనీ ఆఫీసరు నా నెత్తిన పెట్టాడు. నాకు రెండు ముక్కలు హిందీ వచ్చు, అదే నా నేరం. ఒకరికి చేపల వాసన పడదు, ఒకరికి రాగిముద్ద లేకపోతే కడుపు నిండదు, గుత్తి పెద్దాయనకు పడవ ఎక్కితే వాంతులు. తెచ్చుకున్న సద్ద రొట్టెలు, ఊరిబిండి పచ్చడి మొదటి నాడే అయిపోయాయి. బావ ఒక్కడే నన్ను ఏమీ అడగలేదు. ఆయన ఎక్కడ బండి ఆగినా దిగి, చెప్పు విడిచి, కాలి బొటనవేలితో నేల తవ్వి చూసేవాడు. ఈ నేలకు తడీ పదునూ ఆరేదే లేదప్పా, ఈడ పుట్టినోడు దేవునికి ఏం మొక్కుకుంటాడో అని ఆశ్చర్యపోయేవాడు.

చివరి రోజు తెల్లవారేసరికి వాన నిలిచింది. ఎండ వచ్చింది. మేమున్న చిన్న దీవి నుంచి మధ్యాహ్నం పడవెక్కి పెద్ద ఊరికి పోవాలి, అక్కడి నుంచి మరుసటి రోజు విమానం. పోయేలోపల దీవికి అవతలి కొసన ఉన్న తీరానికి పోయి, కంపెనీ పేరున్న గుడ్డ పట్టుకుని అందరూ ఒక ఫోటో దిగాలి. ఇన్నాళ్లూ వానకు ఆ గుడ్డ విప్పడమే కుదరలేదు, ఫోటో లేకుండా తిరిగిపోతే పైవాళ్లు తనను బతకనివ్వరని ఆఫీసరు, చిన్న వయసు కుర్రవాడు, ఏడుపు ముఖంతో తిరుగుతున్నాడు. అందరూ జీపుల్లో పోయారు. నేను సామాను దగ్గర ఉంటానని పడవల రేవులోనే ఉండిపోయాను. పాదాలు నీళ్లలో నాని నాని పగిలి ఉన్నాయి. రేవులో ఒక రేకుల కొట్టం కింద పెట్టెల మధ్య బల్ల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాను. ఇన్ని రోజులకు నన్ను ఎవరూ పిలవని గంట అది. ఫోను మోగింది.

అక్క. ముందు ఆమె గొంతు కాదు, వెనక కోళ్లు, ఎవరో ఎద్దును అదిలించడం, నీళ్లు కారుతున్న చప్పుడు వినిపించాయి. వాన పడిందని అడగకుండానే తెలిసింది.

"రాత్రంతా కొట్టిందిరా. తెల్లారి నిలిచింది. జానెడు దిగింది పదును, నేను తవ్వి చూసినా. ఇంట్లో మొగోడు లేడని ఎదురింటోళ్లే వాళ్ల ఎద్దులు కట్టుకోని వస్తామంటాండారు. మీ బావను ఒక మాట అడుగు, విత్తల్లా, ఉండల్లా?"

బావ తీరంలో ఉన్నాడు, అడిగి చెబుతానన్నాను. ఆమె సరే, బిన్నా చెప్పు, ఎద్దులు నిలబడి ఉండాయి అని పెట్టేసింది.

రేవు ముందు ఒక ఆటో నిలబడి ఉంది. ఆ మనిషి అరవవాడు, బీడీ తాగుతూ, తీరానికి వస్తావా అన్నట్టు నా వైపు చెయ్యి ఊపాడు కూడా. ఎక్కి ఉంటే పోయి అడిగి రావడానికి పెద్ద పొద్దు పట్టేది కాదు. నేను రాను అని తల ఊపాను.

ఎందుకు పోలేదని ఇన్నేళ్లలో నన్ను నేను చాలాసార్లు అడిగాను. చాలా కాలం నాకు నేను చెప్పుకున్న జవాబు ఒకటి ఉంది. జన్మలో మొదటిసారి బావ సముద్రంలో దిగి ఆడుకుంటున్నాడు, ఆ సంతోషం చెడగొట్టడం ఎందుకనుకున్నాను అని. వినడానికి బాగుంటుంది. ఒకసారి మా ఆవిడకు కూడా అలాగే చెప్పాను, ఆమె నీది మంచి మనసు అంది. అది నిజం కాదు. నిజం ఇది: నాకు లేవబుద్ధి కాలేదు. కాళ్లు చాపుకున్నాను, మళ్లీ ముడుచుకోవడం ఇష్టం లేకపోయింది. ఇంకొకటి కూడా ఉంది. వాన పడిందని బావకు తెలిస్తే అందరికీ తెలుస్తుంది, గుత్తి పెద్దాయన మొదలుకుని అందరూ నా ఫోను మీద పడతారు, ఇప్పుడే పోదాం పద అంటారు, ఫోటో ఉండదు, ఆఫీసరు నా మీద ఏడుస్తాడు, ఆ గొడవంతా మళ్లీ నేనే సర్దాలి. ఇంకా కాసేపు నన్ను ఎవరూ పిలవకపోతే చాలనుకున్నాను. అంత చిన్న కారణానికి.

అక్క మళ్లీ చేసింది. అడిగినావా అంది. అప్పుడు నేను ఆ మాట అన్నాను.

"బావ ఉండమన్నాడు. మేం వచ్చినాక చూసుకుందాం అన్నాడు."

"అట్లన్నాడా?" అంది. బావ అలా అనే మనిషి కాదని నాకంటే ఆమెకు బాగా తెలుసు. అన్నాడు లేక్కా, ఎల్లుండికి వచ్చేస్తాం గదా అన్నాను. మళ్లీ ఒకసారి, "జానెడు దిగిందని చెప్పినావా?" అని అడిగింది. చెప్పినా అన్నాను. ఆమె ఎవరికో, ఎద్దులు తోలుకోని పోండన్నా, ఆయప్ప ఉండమన్నాడంట అని చెప్పడం వినిపించింది. ఆ తర్వాత ఫోను ఆగిపోయింది.

ఆ ఫోటో నా అంగట్లో గోడ మీద చాలా ఏళ్లు ఉండేది. అందరూ గుడ్డ పట్టుకుని ఉంటారు, నడుమ బావ, ఒళ్లంతా తడిసి, చొక్కా ఒంటికి అంటుకుని, నోరంతా తెరిచి నవ్వుతూ ఉంటాడు. అందులో నేను లేను. అంగడికి వచ్చినవాళ్లు నువ్వు యాడున్నావప్పా అని అడిగితే, సామాను దగ్గర అని చెప్పేవాణ్ని.

తీరం నుంచి వాళ్లు రేవుకు తిరిగి వచ్చేటప్పటికి బావ చేతిలో ఒక సీసా ఉంది, నిండా సముద్రం నీళ్లు. ఉప్పగా ఉంటాయని చెబితే మీ అక్క నమ్మదు, నోట్లో పోసి చూపిస్తా అన్నాడు. పడవ కదిలాక నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఇంటికాడ నుంచి ఫోను ఏమన్నా వచ్చెనా అని అడిగాడు. లేదు బావా అన్నాను. అప్పుడు చెప్పినా ఇంకా పొద్దు ఉంది, ఎద్దులు మళ్లీ వచ్చేవి. కానీ ఒకసారి అన్న మాటను వెనక్కు తీసుకోవాలంటే అది నేనే అల్లానని చెప్పాలి గదా. అందుకని సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాను. అలలు పెద్దవి వచ్చాయి, గుత్తి పెద్దాయన వాంతి చేసుకున్నాడు, ఆయన వీపు రాస్తూ ఆ పని నాకు దొరికినందుకు సంతోషపడ్డాను.

మరుసటి రోజు గాలివానకు విమానం దిగలేదు. ఇంకొక రోజు ఆ ఊర్లోనే లాడ్జిలో పడిగాపులు. అక్క మళ్లీ ఫోను చేయలేదు, ఆమెకు కావలసిన మాట ఆమెకు దొరికింది. నేనూ చేయలేదు. చెన్నైలో దిగాక అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. రైల్లో మా బోగీ అంతా పెళ్లిల్లు మాదిరి అయిపోయింది, వాన, వాన, విత్తేసినారంట, మావాళ్లు విత్తేసినారంట అని. గుత్తి పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ తన ఫోను బావ చేతికి ఇచ్చి, ఇంటికి మాట్లాడప్పా అన్నాడు. బావ ఫోను తీసుకోలేదు.

"ఎందుకులే అన్నా. నేను ఉండమని చెప్పొచ్చినా గానీ, ఆమె ఉండదు. పదును చూస్తే ఆమె నా మాట యాడ వింటాది. ఈపాటికి విత్తేసి చేతులు కడుక్కోని ఉంటాది."

ఆ మాట అంటూ ఆయన నవ్విన నవ్వు, ఆ ఫోటోలో నవ్వు కంటే పెద్దది. అప్పుడూ నేను చెప్పలేదు.

పొద్దున రైలు దిగి, రెండు బస్సులు మారి, రోడ్డు నుంచి ఊరికి నడిచాము. దారి పొడుగునా చేలు దువ్వెనతో దువ్వినట్టు గొర్రు చాళ్లతో ఉన్నాయి. ఆరుద్ర గాలి మా మీద దుమ్ము కొడుతోంది. బావ చేను వచ్చింది. దాంట్లో చాలు లేదు. ఆయన గట్టు దిగి, ముందు కాలి వేలితో గీరాడు, తర్వాత కూర్చుని చేత్తో తవ్వాడు, మోచేతి దాకా తవ్వాడు. పిడికిలి నిండా తీసిన మట్టి వేళ్ల సందుల్లో నుంచి పిండిలా కారిపోయింది. చెయ్యి దులుపుకుని లేచాడు.

ఇంట్లో విత్తనపు గంప ఒలిచినది ఒలిచినట్టే మూలన ఉంది. బావ మా అక్క మీద చెయ్యి ఎత్తే మనిషి కాదు, ఎప్పుడూ ఎత్తలేదు. ఆ రోజు మాత్రం వీధిలోకి వినబడేలా అరిచాడు, నీకు కండ్లు లేవా, పదును తెలీదా, ఊరంతా విత్తుకుంటాంటే చూస్తా కూచుంటివా అని. అక్క ఆశ్చర్యంగా, నువ్వే గదా ఉండమని, అని మొదలుపెట్టి నా వైపు చూసింది. నేను గడప దగ్గర రెండు చేతులా సంచులతో ఉన్నాను. సంచులు కింద పెట్టి, వంగి చెప్పుల వారు విప్పుకోవడం మొదలుపెట్టాను. ఆ వారు విప్పడం చాలాసేపు పట్టింది. పైన అక్క గొంతు వినిపించింది.

"నాకే తోచలేదు. నాదే తప్పు."

ఆ సీసా సంగతి ఎవరూ అడగలేదు. మళ్లీ ఒకసారి పోయినప్పుడు దాంట్లో కిరసనాయిలు పోసి పెట్టుకుని ఉన్నారు.

ఆ ఏడు మళ్లీ వాన ఎప్పుడో ఆలస్యంగా వచ్చింది. దానికి విత్తారు, మొక్క లేచింది, కాయ గట్టిపడలేదు. ఎద్దులకు మేత కూడా రాలేదు, ఆ ఎండాకాలంలో బావ తన ఎద్దులను అమ్మేశాడు. మునుపు పదును మీద విత్తిన ఎదురింటి వాళ్ల చేను మాత్రం బాగా పండింది. ఇవన్నీ మా సీమలో ఏటా ఎవరో ఒకరికి జరిగేవే, వాటిని తట్టుకోవచ్చు. తట్టుకోలేనిది ఇంకొకటి జరిగింది. ఆ ఆలస్యపు విత్తుకు బావ జడ్డిగం అక్క చేతికి ఇవ్వలేదు. ఎదురింటి ఆమెను పిలుచుకున్నాడు. పదును తెలీనిదానికి గింజ ఏం తెలుస్తాది అన్నాడట. ఆ తర్వాతి ఏడూ అంతే. అక్క సద్దిమూట నెత్తిన పెట్టుకుని వచ్చి, గట్టు మీద కూర్చుని, వేరే మనిషి చేతి నుంచి తన చేనులో గింజలు పడడం చూసేది. ఇతరులు కూడా పిలవడం మానేశారు. కొన్నాళ్లకు ట్రాక్టర్లు వచ్చాయి, ఆ గిన్నెలే పోయాయి, ఇక ఆమె చెయ్యి సంగతి గుర్తున్నవాళ్లు కూడా లేకపోయారు. కథ మాత్రం మిగిలింది. ఆమె కాచుకోని కూచున్న కథ.

నేను ఊరుకున్నానా అంటే ఊరుకోలేదు. చేతనైనవి చేశాను, మంచి విత్తనం వస్తే ముందు వాళ్ల ఇంటికి పంపాను, మేనల్లుడికి లారీ పని నేనే చూశాను, పండగకు చీర పెట్టకుండా ఉండలేదు. ఇచ్చిన ప్రతిసారీ అక్క నా ముఖం చూసేది, తీసుకునేది. చెప్పాల్సినది చెప్పకుండా ఏమి ఇచ్చినా అది దాపరికమే అని అర్థం కావడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

మొన్న ఆ కాఫీ పక్కన పెట్టి చెప్పాను. కోడలు చేనుకు పోయింది, ఇంట్లో మేం ముగ్గురమే. బావా, ఆ కథ ఇంక చెప్పొద్దు, అది జరిగింది అట్ల కాదు అని మొదలుపెట్టి, రేవు, ఆటో, రెండు ఫోన్లు, నేను చాపుకున్న కాళ్లు, అన్నీ చెప్పాను. సంతోషం చెడగొట్టకూడదని చేశానని మాత్రం చెప్పలేదు. బావ నా వైపు చూడలేదు. చెబుతున్నంతసేపూ అక్క చేతులనే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఆమెను అడిగాడు.

"నీకు తెలుసునా?"

"ఆ పొద్దే తెలుసు," అంది అక్క. "నువ్వు అరుస్తాంటే వాడు చెప్పులిప్పుకుంటా వంగినాడు, ఇంక లేవలేదు. చిన్నప్పట్నుంచీ అంతే వాడు, తప్పు చేస్తే వంగుకుంటాడు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పింటే నువ్వు వాణ్ణి మళ్లా ఈ గడప తొక్కనిచ్చింటావా? అమ్మ లేదు, నాయన లేడు. నాకు పుట్టినిల్లంటే ఉండేది వాడొకడే. పంట పోతే మళ్లా ఏడు వస్తాది."

బావ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "జడ్డిగం నీ చేతికి ఇయ్యకపోతినే," అన్నాడు, మాకెవరికీ కాదు, తనలో తానే అన్నట్టు. అక్క చేటలో ఒక పుచ్చుగింజ తీసి బయటికి విసిరింది.

దూరంగా చేనులో ట్రాక్టరు వచ్చిన చప్పుడు వినిపించింది. ఇప్పుడు ఎద్దులు లేవు, గొర్రు లేదు, బావ ఇవ్వాలనుకున్నా ఇవ్వడానికి ఆ కొయ్య గిన్నె ఏ ఇంటి అటకమీదా లేదు, ఉన్నా పిడికిలి బిగించడానికి అక్క వేళ్లలో ఆ పట్టు లేదు. కోడలు పిడికెడు మట్టిని ఎక్కడో నాగపూరు దారిలో ఉన్న మొగుడి కంటికి నేరుగా చూపిస్తోంది. వాళ్లిద్దరి మధ్య మాట మోసేవాడు అక్కరలేదు. ఆ రోజుల్లో అలాంటి ఫోను ఉంటే ఎంత బాగుండేదో అని మా వయసువాళ్లు అనుకుంటారు, నేనూ చాలాసార్లు అనుకున్నాను. ఫోను ఆ రోజు కూడా ఉంది. నా చేతిలోనే ఉంది.

మంచం దిగాను. గోడ పట్టుకుని నేల మీద, అక్క ముందు, చేటకు ఇవతల కూర్చున్నాను. ఈసారి తల వంచుకోలేదు, ఆమె ముఖంలోకి చూస్తూనే చెప్పాను.

"అక్కా, ఆ పొద్దు బావ ఉండమన్లేదు. నేనే అంటి. తప్పు నాది, నన్ను మన్నించు."